వెయ్యి లింకులు కొన్న మావయ్య, ఒక్క లింకూ ఇవ్వని మనం

మా మావయ్యకి కడియపులంక దగ్గర చిన్న నర్సరీ ఉంది. చిన్నదంటే నిజంగా చిన్నదే. హైవే పక్కన బోర్డు పెట్టుకుని రోజూ లారీలకి లోడులేసే పెద్ద నర్సరీల్లాంటిది కాదు. లోపలికెళ్ళే దారిలో, కాలవ గట్టు దిగాక వస్తుంది. అంటు మామిడి, నిమ్మ, గులాబీ, కొన్ని రకాల పామ్‌లు, అంతే. మూడేళ్ళ క్రితం నేనే ఓ వెబ్‌సైటు చేసిపెట్టాను. నాలుగు పేజీలు, ఓ ఫోన్ నంబరు, కాసిని ఫొటోలు. దానికెవరూ రావట్లేదని మావయ్య దిగులు.

ఓ రోజు ఆఫీసులో రిలీజు హడావుడిలో ఉండగా ఫోను చేశాడు. "ఒరే అబ్బాయ్, రాజమండ్రి నించి ఓ కుర్రాడొచ్చాడు. పన్నెండు వేలిస్తే మన సైటుకి వెయ్యి బ్యాక్‌లింకులు వేస్తాడంట. మూణ్ణెల్లలో గూగులు మొదటి పేజీలో తెస్తానంటున్నాడు. ఇవ్వమంటావా?" అన్నాడు. నేను స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండానే "ఇచ్చెయ్ మావయ్యా, బానే ఉంటుంది" అన్నాను. ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఇంజనీరింగు చదివిన మేనల్లుడు చెప్పాడు కదా అని ఆయన ఇచ్చేశాడు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే ఆ ఎక్సెల్ షీటు చూపించాడు. వెయ్యి వరసలు. కుర్రాడు మోసం చెయ్యలేదు, చెప్పినట్టే సరిగ్గా వెయ్యీ వేశాడు. ఒక్కోటీ తెరిచి చూడ్డం మొదలెట్టాను. ఎక్కడో పేకాట సైటు కింద కామెంటు. ఏ భాషో తెలీని ఫోరంలో ఓ ప్రొఫైలు, అందులో మావయ్య నర్సరీ పేరు. బరువు తగ్గే మందుల పేజీలో "బెస్ట్ మ్యాంగో ప్లాంట్స్ కడియం" అని ఓ వాక్యం, దాని ముందూ వెనకా ఏ సంబంధమూ లేదు. వందల కొద్దీ డైరెక్టరీలు, వాటిల్లో మనిషనేవాడు ఎప్పుడూ అడుగుపెట్టిన జాడ లేదు. సగం పేజీలైతే అప్పటికే తెరుచుకోవట్లేదు.

"మరి ఫోన్లేవన్నా వచ్చాయా మావయ్యా?" అనడిగాను.

"ఆయ్, వచ్చాయ్‌రా. ఇంకో రెండు వేల లింకులు వేస్తామని నలుగురు చేశారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకోండి. కానీ పన్నెండు వేలంటే ఇరవై రూపాయల కవరు మొక్కలు ఆరు వందలు. వాటిని పెంచడానికి ఎన్నాళ్ళు నీళ్ళు పోశాడో నాకు తెలుసు. అందుకే ఈ టపా. నా తప్పుకి ప్రాయశ్చిత్తం అనుకోండి, నా కోపం అనుకోండి, మీ ఇష్టం.

ముందు బ్యాక్‌లింకంటే ఏంటో మా గోదావరి వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. 1998లో స్టాన్‌ఫర్డులో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఓ పేపరు రాశారు. అందులో పేజ్‌ర్యాంకు అనే లెక్క ఉంది. ఒక పేజీ ఇంకో పేజీకి లింకిచ్చిందంటే అది ఓ రకంగా మాట సాయం చెయ్యడం. ఎక్కువమంది ఎవరికి మాట సాయం చేస్తే వాళ్ళది విలువైన పేజీ. కానీ అందరి మాటకీ ఒకే విలువ ఉండదు. తనకే విలువున్న పేజీ ఇచ్చిన మాటకి విలువెక్కువ.

ఇది అచ్చం మన కాలవల లెక్కే. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తి చేశాడు. అక్కణ్ణించి పెద్ద కాలవలు, వాటినించి పిల్ల కాలవలు, వాటినించి పంటబోదెలు. మన చేలోకి నీళ్ళు రావాలంటే బోదె ఉంటే చాలదు, ఆ బోదె తగిలిన కాలవలో నీళ్ళుండాలి. ఆ కాలవ మీద ఎన్ని బోదెలున్నాయో కూడా చూసుకోవాలి, ఎందుకంటే నీళ్ళు పంచుకోవాలి కదా. పేజ్‌ర్యాంకు అసలు సూత్రంలో ఉన్నదీ ఇదే. ఒక పేజీకొచ్చిన విలువలో 85 శాతం దాకా అది బయటికిచ్చే లింకులన్నిటికీ సమానంగా పంచబడుతుంది. ఇరవై లింకులున్న మంచి పేజీ నించి ఒక్కోదానికి ఇరవయ్యో వంతు. వెయ్యి లింకులున్న పేజీ నించి వెయ్యో వంతు. అసలు ఏ నీళ్ళూ రాని పేజీ నించి? దాదాపు గుండుసున్నాయే.

మావయ్య పన్నెండు వేలకి వెయ్యి బోదెలు తవ్వించుకున్నాడు. వెయ్యీ ఎండిపోయిన చెరువులోంచే తవ్వాడు ఆ కుర్రాడు.

ఇప్పటి గూగులు ఆ ఒక్క సూత్రం మీదే నడవట్లేదు, దాని లెక్కలో ఇంకా ఎన్నెన్నో ఉన్నాయి. కానీ ఆ మార్పులన్నీ లింకులు అమ్ముకునేవాళ్ళకి ఎదురుగానే జరిగాయి. వరస చూడండి.

2005 జనవరిలో నోఫాలో అనే గుర్తు వచ్చింది. లింకుకి ఆ గుర్తు పెడితే అప్పట్లో తూము మూసేసినట్టే. బ్లాగు కామెంట్లలో లింకులు గుప్పించేవాళ్ళ బాధ పడలేక గూగులు, యాహూ, ఎమ్మెస్సెన్ ముగ్గురూ కలిసి ఒప్పుకున్నది ఇది. అంటే కామెంట్లలో లింకులెయ్యడమనే పని ఇరవయ్యేళ్ళ క్రితమే దండగైపోయింది. మావయ్య దగ్గర దానికే డబ్బులు తీసుకున్నారు.

2011 ఫిబ్రవరిలో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల కంపెనీ కథ న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. సంబంధం లేని వేల సైట్లనించి దానికి లింకులున్నాయి, బట్టలన్నా దుప్పట్లన్నా గూగుల్లో అదే ముందొచ్చేది. బయటపడ్డాక గూగులు దిద్దుబాటు చేసింది. ఓ రకం సూట్‌కేసుల వెతుకులాటలో ఒకటో స్థానం నించి 71కి పడిపోయింది. అంత పెద్ద కంపెనీకే అలా అయితే కాలవ గట్టు కింద నర్సరీ ఎంత?

2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ వచ్చింది. కొన్న లింకుల మీద బతికే సైట్లని గంపగుత్తగా కిందకి తోసేసింది. 2016 సెప్టెంబరు నించి అది గూగులు అసలు లెక్కలోనే కలిసిపోయింది. ఆ తరవాత మరీ తోసెయ్యకుండా, అలాంటి లింకుల్ని అసలు లేనట్టే వదిలెయ్యడం మొదలెట్టింది. 2022 డిసెంబరులో స్పామ్‌బ్రెయిన్ అనే యంత్రాన్ని దీనికే పెట్టారు. కొన్నవాణ్ణీ అమ్మినవాణ్ణీ గుర్తుపట్టి ఆ లింకు విలువ సున్నా చేస్తుంది. శిక్ష లేదు, లాభమూ లేదు. డబ్బులు మాత్రం ఇసకలో పోసిన నీళ్ళే.

ఇంకో ముక్క. ఆ కొటేషనులో "డీఏ 50 పైన" అని గొప్పగా రాశాడు. డీఏ గూగులు కొలత కాదండీ బాబూ. మాజ్ అనే కంపెనీ తన సొంత లెక్కతో వేసుకునే అంకె. గూగులు దాన్ని చూడదు. చెరువులో నీళ్ళు చూడకుండా, గట్టు మీద ఎవరో రాసిపెట్టిన అంకె చూసి బోదె తవ్వుకోవడం అన్నమాట.

ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. లింకులమ్మేవాణ్ణి తిట్టడం తేలిక. నా అసలు గొడవ వేరే ఉంది.

ఆ కుర్రాడు అమ్మగలిగాడంటే కొనాల్సిన అవసరం ఉండబట్టే కదా. మావయ్యకి నిజమైన లింకు ఒక్కటి కూడా ఎందుకు లేదు? నలభయ్యేళ్ళ నర్సరీ. ఆయన మొక్కలు కాలేజీ క్యాంపసుల్లో ఉన్నాయి, అపార్ట్‌మెంట్ల ముందున్నాయి, కల్యాణ మండపాల్లో ఉన్నాయి. వీటిలో చాలావాటికి వెబ్‌సైట్లున్నాయి. "మా క్యాంపసు పచ్చదనం" అని ఫొటోలు పెట్టుకున్న కాలేజీ ఒకటుంది. ఆ ఫొటోలో చెట్లు మావయ్యవి. కింద పేరు లేదు, లింకు లేదు. చైర్మన్ గారి ఫొటో మాత్రం ఉంది :)

మావయ్య ఒక్కడి కథే అయితే పోనీ అనుకుందును. ఆత్రేయపురం చూడండి. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపొచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు మీదే సంఘం పెట్టుకున్న తయారీదారులు దరఖాస్తు చేసుకున్నారు, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళు సాయం చేశారు. ఆ వారమంతా పేపర్ల వెబ్‌సైట్ల నిండా వార్తలే. నేను ఓ పదిహేను దాకా చదివాను. బెల్లం, నెయ్యి, కుండ మీద రేకు తీసే విధానం, అన్నీ రాశారు. చదివినవాడికి నోరూరుతుంది. కొనుక్కుందామంటే? ఒక్కదాంట్లో కూడా ఆ సంఘానికి గానీ, ఏ తయారీదారుకి గానీ లింకు లేదు. చదువరి గూగులుకి పోయి "పూతరేకులు ఆన్‌లైన్" అని కొడతాడు. అక్కడ ముందుండేది ఎవరు? ఆ ఊళ్ళో రేకు తీసే ఆవిడ మాత్రం కాదు, ప్రకటనలకి డబ్బులు పెట్టగలిగినవాడు.

ఉప్పాడ జాంధానీకి 2009లో జీఐ వచ్చింది. నరసాపురం లేసుకి 2024లో వచ్చింది. నరసాపురం లేసు గురించి 1982లోనే మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఓ పుస్తకం రాసింది. ఇంటిదగ్గర కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు ప్రపంచ మార్కెట్టు కోసం పని చేస్తున్నా వాళ్ళని కార్మికులుగా ఎవరూ లెక్కెయ్యలేదని, "ఇంట్లో ఆడవాళ్ళు ఊసుపోక చేసేది" అన్నారని, లాభం ఎగుమతిదారులకీ మధ్యవాళ్ళకీ పోయిందని ఆవిడ చెప్పింది. నలభయ్యేళ్ళు దాటింది. వెబ్‌లో జరుగుతున్నదీ అదే కదా? పనిచేసినవాళ్ళ పేరు పేజీలో ఉంటుంది, "నరసాపురం మహిళలు" అని. దారి మాత్రం మధ్యవాడి దుకాణానికి.

మన కాలవల భాషలో చెప్పాలంటే ఇది శివారు ఆయకట్టు సమస్య. పైనున్నవాడు తూము తెరవకపోతే శివారు పొలానికి నీళ్ళు రావు. శివారు రైతు ఏం చేస్తాడు? అప్పు చేసి బోరేస్తాడు. అది ఉప్పునీళ్ళు పోస్తుంది. మావయ్య కొన్న వెయ్యి లింకులు ఆ ఉప్పునీటి బోరే. తూము మూసుక్కూచున్నది పైనున్న మనం. పేపర్లు, కాలేజీలు, ఊరి సంఘాలు, అమెరికాలో తెలుగు సంఘాలు, ఇంకా మన బ్లాగర్లం.

లింకు పిసినారితనం మనకెందుకొచ్చిందో కూడా చెప్తాను. ఒకటి, "బయటికి లింకిస్తే జనం మన సైటు వదిలి వెళ్ళిపోతారు" అనే భయం. వెళ్ళనీండి. మంచి దారి చూపించినవాడి దగ్గరికే మళ్ళీ వస్తారు. రెండు, "లింకిస్తే మన ర్యాంకు తగ్గిపోతుంది" అనే అపోహ. మామూలుగా, చదువరికి పనికొచ్చేలా ఇచ్చే లింకుకి గూగులు శిక్షేమీ వెయ్యదు. డబ్బు తీసుకుని ఇస్తేనే గొడవ. దానిక్కూడా 2019లో స్పాన్సర్డ్ అని వేరే గుర్తిచ్చారు, పెట్టుకుంటే సరి. మూడోది అసలైంది. "వాడికి ఉత్తినే ప్రచారం ఎందుకివ్వాలి?" చిన్నవాడికి ఉత్తినే ఇవ్వడానికి మనసొప్పదు, పెద్ద కంపెనీకి మాత్రం రోజూ ఇస్తాం. పుస్తకం గురించి రాస్తే అమెజాన్ లింకు, సినిమా గురించి రాస్తే యూట్యూబు లింకు. పూతరేకుల గురించి రాస్తే మాత్రం "మా ఊరు వెళ్ళినప్పుడు తిన్నాను, అద్భుతం". ఎవరి దగ్గర తిన్నారు మహానుభావా?

సరే, తిట్టడం అయింది. డబ్బుల్లేకుండా నిజమైన లింకులెలా వస్తాయో, మేం ఏడాదిగా ఏం చేశామో చెప్తాను. రహస్యాలేమీ కావు.

ఒకటి. ఆ ఎక్సెల్ షీటుని పక్కన పడేశాం. గూగులు సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ అనే చోట ఏమన్నా హెచ్చరికుందేమో చూశాను. లేదు. అయితే ఆ చెత్త లింకుల్ని తీయించడానికి మళ్ళీ డబ్బులు ఖర్చు పెట్టక్కర్లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చెత్త లింకులేసినవాళ్ళలోనే కొందరు ఆర్నెల్లాగి "మీ సైటుకి విషపు లింకులున్నాయి, శుభ్రం చేస్తాం" అని మళ్ళీ వస్తారు. గూగులు 2012లో ఇచ్చిన డిసవౌ పనిముట్టు చాలా సైట్లకి అవసరమే ఉండదని గూగులే చెప్తుంది.

రెండు. తెలిసినవాళ్ళనడిగాం. మావయ్య పాత బిల్లు పుస్తకాలు తీశాడు. ఎవరెవరు మొక్కలు కొన్నారో, వాళ్ళలో ఎవరికి వెబ్‌సైట్లున్నాయో రాసుకున్నాం. ముప్ఫై ఒక్క పేర్లు తేలాయి. ఒక్కొక్కళ్ళకీ ఫోను చేశాం. "మీ తోట ఫొటో పెట్టిన పేజీలో మా నర్సరీ పేరు, లింకు పెడతారా అండీ?" అంతే. సగంమంది "చూస్తాం" అన్నారు, అంటే లేదని. కొందరికి వాళ్ళ వెబ్‌సైటు పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో తెలీదు. నలుగురు పెట్టారు. అందులో ఓ తోటలు డిజైన్ చేసే ఆర్కిటెక్టు గారి సైటుంది, ఆ ఫొటోలో చెట్లున్న కాలేజీ కూడా ఉంది.

మూడు. లింకివ్వడానికి తగ్గ పేజీ ఒకటి తయారుచేశాం. "మా నర్సరీకి స్వాగతం" అనే పేజీకి ఎవరు లింకిస్తారండీ? మావయ్యకి తెలిసినవి ఎవరికీ తెలీవు. లంక నేలల్లో ఏ మొక్క నిలుస్తుంది, వరద నీళ్ళు నాలుగు రోజులుంటే ఏది చస్తుంది ఏది బతుకుతుంది, ఉప్పు తగిలే సముద్రం వైపు నేలల్లో ఏది వెయ్యకూడదు, హైదరాబాదు అపార్ట్‌మెంటు బాల్కనీలో కడియం గులాబీ ఎందుకు చచ్చిపోతుంది. ఇవన్నీ ఆయన చెప్తుంటే నేను ఫోన్లో రికార్డు చేసి, తెలుగులో, ఆయన మాటల్లోనే రాసిపెట్టాను. మొక్కల తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఫొటో పక్కపక్కనే. ఖర్చు? రెండు ఆదివారాలు, నాలుగు టీలు. ఆ బాల్కనీ గులాబీ పేజీకి మేం అడక్కుండానే వచ్చిన లింకులు రెండు. మిద్దెతోటలవాళ్ళు ఇచ్చారు. నా దృష్టిలో ఆ రెండే ఆ వెయ్యింటికన్నా గొప్పవి, ఎందుకంటే ఆ లింకు నొక్కి నిజంగా మనుషులొచ్చారు.

నాలుగు. పేరుండి లింకు లేనిచోట్లు వెతికాం. నర్సరీ పేరుని కోట్స్‌లో పెట్టి గూగుల్లో వెతికితే రెండు చోట్ల దొరికింది. రాసినవాళ్ళకి మర్యాదగా మెయిలు పెట్టాను. ఒకరు పెట్టారు, ఒకరు జవాబివ్వలేదు.

అయిదు. చిన్న దుకాణానికి లింకులకన్నా ముందు గూగులు మ్యాపుల్లో సరైన చోట, సరైన ఫోన్ నంబరుతో, సరైన ఫొటోలతో ఉండడం ముఖ్యం. ఇది పైసా ఖర్చు లేని పని. కానీ దాన్నే ఇల్లనుకోవద్దు. గూగులు బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉత్తినే ఇచ్చిన వెబ్‌సైట్లని 2024 మార్చిలో మూసేసింది. వాటికి లింకులు సంపాదించుకున్నవాళ్ళ లింకులన్నీ గాలికి పోయాయి. కాస్త డబ్బు పెట్టి సొంత డొమైను పేరు కొనుక్కోండి. అద్దె కొంపకి అరుగులు కట్టించకండి.

ఆరు. పక్కవాణ్ణి శత్రువనుకోవద్దు. కడియంలో ఒకడి దగ్గర లేని మొక్క పక్క నర్సరీ నించి తెచ్చి లోడులో కలపడం రోజూ జరిగేదే. నేల మీద చేసేదే వెబ్‌లో చెయ్యమంటున్నాను. మా దగ్గర బోన్సాయిలు లేవు, వాటికి ఫలానా వాళ్ళు బావుంటారని మావయ్య సైటులో రాశాం, లింకిచ్చాం. ఇది "నువ్వు నాకియ్యి నేను నీకిస్తా" బేరం కాదు, ఆ బేరం కూడా గూగులు నిబంధనలకి విరుద్ధమే. వాళ్ళు తిరిగి ఇవ్వలేదు. ఇవ్వకపోయినా మా పేజీ చదివినవాడికి పని జరిగింది.

ఇక రాబోయే వాదనలు నాకు తెలుసు కాబట్టి ముందే జవాబిచ్చేస్తా.

"పక్క ఊరి నర్సరీ వాడు లింకులు కొన్నాడు, పైనే ఉన్నాడు కదా?" ఉన్నాడు. వాడి డొమైను పదిహేనేళ్ళ నాటిది, మ్యాపుల్లో వందల రివ్యూలున్నాయి, హైవే మీదున్నాడు. లింకులు కొనకముందు కూడా పైనే ఉన్నాడు. పుష్కరాల్లో స్నానం చేసినవాడికి ఉద్యోగమొస్తే పుష్కరాల వల్లే వచ్చిందా?

"లింకుల రోజులు పోయాయి బాసూ, ఇప్పుడంతా ఏఐ." కొంత నిజం. 2024 మార్చిలో గూగులు తన నిబంధనల పేజీలో లింకులు ఒక "ముఖ్యమైన" అంశం అన్న చోట ఆ ముఖ్యమైన అనే మాట తీసేసి ఒట్టి "అంశం" అని ఉంచింది. ఇది లింకులు కొనేవాళ్ళకి చెడ్డ వార్త, నాకు కాదు. నేను చెప్పే లింకు గూగులు కోసం కాదు, చదివి నొక్కే మనిషి కోసం. ఇంకో మాట. ఏఐ అయినా జవాబు చెప్పాలంటే ఎక్కడో ఎవరో రాసి ఉండాలి కదా. బాల్కనీ గులాబీ గురించి మావయ్య చెప్పింది ఎక్కడా లేకపోతే అది ఎక్కణ్ణించి తెస్తుంది?

"ఇదంతా నిదానం. అద్దెలు కట్టుకోవాల్సినవాడు ఏడాది ఆగగలడా?" ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. ఏడాదిలో మాకొచ్చినవి ఏడు లింకులు. మొదటి పేజీకి రాలేదు. ఆ ఏడింటి మీంచి, పేజీలు చదివి వచ్చిన ఫోన్లు ఓ పాతిక ఉంటాయి. అందులో ఓ పెద్ద ఆర్డరు, ఆర్కిటెక్టు గారి సైటు చూసి హైదరాబాదు నించి వచ్చింది, మావయ్య పన్నెండు వేలు దాంతో తిరిగొచ్చాయి. ఇదేం విజయగాథ కాదు. కానీ వెయ్యి లింకులు తెచ్చింది సున్నా, ఏడు లింకులు తెచ్చింది పాతిక. తొందరున్నవాడే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఆ లింకులేసిన కుర్రాడి మీద నాకిప్పుడు పెద్ద కోపం లేదు. వాడూ ఏ ఇంజనీరింగు కాలేజీ నించో బయటపడి, ఉద్యోగం దొరక్క, ఎవరో నేర్పిన పని చేసుకుంటున్నాడు. వాడికి నిజం చెప్పే బాధ్యత నాలాంటివాళ్ళది. కంపెనీలో కోడు రివ్యూల్లో కామా దగ్గర వాదించే నేను, ఇంటివాడు అడిగితే "ఇచ్చెయ్ మావయ్యా" అన్నాను చూడండి, అదీ అసలు తప్పు. మన ఊళ్ళల్లో ప్రతి చిన్న దుకాణం వెనకా హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఓ సాఫ్ట్‌వేరు మేనల్లుడున్నాడు. వాడు అరగంట కేటాయించి ఆ కొటేషను చదివితే చాలు, ఈ వ్యాపారం సగం మూతపడుతుంది.

మిగతా సగం మూతపడాలంటే తూములు తెరవాలి. ఈ టపా చదివిన బ్లాగర్లకి నా విన్నపం ఒక్కటే. మీ పాత టపాలు తీయండి. అందులో మీరు తిన్న కాజా, కట్టుకున్న చీర, తెచ్చుకున్న మొక్క, చేయించుకున్న మంచం గురించి ఎక్కడో రాసే ఉంటారు. ఆ తయారుచేసినవాళ్ళకి సైటుంటే ఓ లంకె వెయ్యండి. సైటు లేకపోతే ఊరి పేరూ దుకాణం పేరూ సరిగ్గా రాయండి. పది నిమిషాల పని. ఏ పత్రికలోనన్నా పనిచేసేవాళ్ళుంటే, రేపు జీఐ వార్త రాసేటప్పుడు చివర ఒక్క లింకు పెట్టి చూడండి. మీ ఎడిటరు గారు తీసేస్తే తీసేశారు, రెండోసారి మళ్ళీ పెట్టండి.

నేను మొదలెట్టాను. నిన్న రాత్రి కూర్చుని నా పాత టపాల్లో పదకొండు చోట్ల లంకెలు వేశాను. మావయ్య సైటుకి మాత్రం ఇందులో ఇవ్వట్లేదు. ఇస్తే ఇంత సోదీ ఆ ఒక్క లింకు కోసమే రాశానంటారు, నాకు తెలుసు మీ సంగతి :)

తా.క.: ఇది మావయ్యకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని "ఆ కుర్రాడికి చెప్పరా, లింకులు మానేసి మొక్కలమ్ముకోమను, నేనే మొదటి లోడు అప్పిస్తాను" అన్నాడు. మా మావయ్య అంతేనండి, ఆయ్.